పైన నీడ, కింద పొడి నేల: పిడుదులు చేరని చల్లని పెరడు

వేసవిలో పెరటిని చల్లబరచుకోవడానికి మనం చేసే పనుల్లో చాలావరకు పిడుదులకు కూడా సరిపడేవే. మొక్కలను గుబురుగా పెరగనివ్వడం, మొదళ్లలో ఎండుటాకులను దట్టంగా పరవడం, పొద్దుగూకే వేళ నేలంతా తడిసేలా నీళ్లు కొట్టడం మనకు ఎంత హాయినిస్తాయో, గోమార్లని కూడా పిలిచే ఈ రక్తం పీల్చే జీవులకు అంత ఆశ్రయమిస్తాయి. అందుకే నీడ సంగతి ఒకసారి, పిడుదుల సంగతి మరోసారి అని విడదీసి పనిచేస్తే ఒకటి రెండోదాన్ని చెడగొడుతుంది. రెండింటినీ కలిపి చూసినప్పుడు పాటించవలసిన సూత్రం ఇది: నీడ మన తలకు పైన, ఎత్తులో ఉండాలి, నేల పొడిగా, దాపు లేకుండా ఉండాలి, ఆ రెంటి నడుమ గాలి ధారాళంగా ఆడాలి. కింద చెప్పిన పనులను ఇదే వరుసలో చేయడం మంచిది, ఎందుకంటే శుభ్రం చేయని నేల మీద ముందుగా పందిరి వేస్తే పిడుదులకు ఎండ నుంచి రక్షణ కల్పించినట్లే అవుతుంది.

పిడుదు ఎలా బతుకుతుందో ముందుగా తెలుసుకోండి

పిడుదులు కీటకాలు కావు. సాలీళ్లు, తేళ్లు ఉన్న వర్గానికి చెందినవి. వాటికి రెక్కలు లేవు, అవి దూకలేవు, చెట్టు మీద నుంచి మన నెత్తిన పడతాయన్న భయం కూడా అనవసరం. గడ్డిపోచ కొనకో, పొద ఆకు అంచుకో ఎక్కి, వెనక కాళ్లతో దాన్ని పట్టుకుని, ముందు కాళ్లను గాలిలోకి చాచి కాచుకుని ఉంటాయి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వేడిని పసిగట్టే అవయవం ఆ ముందు కాళ్ల మీదే ఉంటుంది. మనిషి గానీ జంతువు గానీ ఆ ఆకును రాసుకుంటూ వెళ్లిన క్షణంలో అంటుకుని, ఆ తర్వాత పైకి పాకుతూ మెత్తని చోటు వెతుక్కుంటాయి.

గుడ్డు, లార్వా, నింఫ్, పెద్ద పిడుదు అని వాటి జీవితంలో నాలుగు దశలు ఉంటాయి. ఆరు కాళ్ల లార్వా ఒకసారి రక్తం తాగాక ఎనిమిది కాళ్ల నింఫ్‌గా మారుతుంది. ఆ నింఫ్ గసగసం గింజంత మాత్రమే ఉంటుంది కనుక ఒంటి మీద ఉన్నా కంటికి ఆనదు, మనుషులకు జబ్బులు అంటించడంలో దాని పాత్ర పెద్దది కావడానికి అదే కారణం. ఇంత చిన్న జీవికి ఒంట్లో తేమ నిలుపుకోవడమే పెద్ద సమస్య. గడ్డి కొనన కాసేపు ఉండి ఒళ్లు ఎండిపోతున్నప్పుడు అది కిందికి దిగి, రాలిన ఆకుల అడుగున ఉన్న తేమ గాలి నుంచి నీటి ఆవిరిని పీల్చుకుని, మళ్లీ పైకి ఎక్కుతుంది. ఆ అడుగు తేమను తీసేస్తే చాలా జాతుల పిడుదులు ఎక్కువ కాలం నిలవలేవు. మన పని అంతా ఈ ఒక్క బలహీనత మీదే ఆధారపడి ఉంది. పొడిలో కూడా హాయిగా బతికే గోధుమరంగు కుక్క పిడుదు మాత్రం దీనికి మినహాయింపు కాబట్టి, దాని గురించి విడిగా చెబుతాను.

ఒక రోజంతా పెరటిని గమనించండి

మబ్బు లేని ఒక రోజు ఎంచుకుని, ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, 3 గంటలకు, సాయంత్రం 5 గంటలకు ఇంటి నీడ, గోడ నీడ, చెట్ల నీడ ఎంతవరకు పడుతున్నాయో చిన్న మేకులు పాతి గుర్తు పెట్టుకోండి, లేదా కాగితం మీద గీసుకోండి. మీరు ఏ వేళలో పెరట్లో కూర్చుంటారో ఆ వేళకే నీడ కావాలి కాబట్టి, ఈ గుర్తులు లేకుండా పందిరి చోటు నిర్ణయించకూడదు. నడిమధ్యాహ్నం ఎండ పై నుంచి వస్తుంది గనుక దానికి పైకప్పు లాంటి నీడ అవసరం. సాయంత్రపు ఎండ పడమటి నుంచి ఏటవాలుగా, పందిరి కిందికి దూరి వస్తుంది కాబట్టి దానికి ఎంత పెద్ద పైకప్పు వేసినా చాలదు. పడమటి వైపు నిలువుగా ఒక తెర గానీ, తీగలు పాకిన తడిక గానీ, చెట్టు గానీ ఉండవలసిందే. పందిరి వేశాక కూడా సాయంత్రం కూర్చోలేకపోతున్నామని చాలామంది బాధపడటానికి కారణం ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడమే.

అదే వారంలో పిడుదులు ఉన్నాయో లేవో కూడా చూసుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న మెత్తని తెల్ల నూలు గుడ్డ ఒక అంచుకు కర్ర కట్టి, ఆ కర్ర రెండు కొసలకూ తాడు బిగించండి. ఉదయం గడ్డి మీద మంచు ఆరాక, ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకుని, ఆ గుడ్డను గడ్డి మీదుగా, పొదల అంచుల వెంట నెమ్మదిగా లాగండి. పది పన్నెండు అడుగులకు ఒకసారి ఆగి గుడ్డను తిరగేసి చూడండి. మట్టి రేణువు, గడ్డి గింజ కదలవు. ఒక్క నిమిషం కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే నల్లని చుక్క ఒకటి కాళ్లు విప్పుకుని గుడ్డ నేతను పట్టుకుంటూ పాకడం కనిపిస్తుంది. దాన్ని చేత్తో ముట్టుకోకుండా జిగురు టేపుతో అంటించి మడిచేయండి. ఏ మూలలో దొరికిందో గుర్తు పెట్టుకుంటే శుభ్రం చేయడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఒకసారి ఏమీ దొరకనంత మాత్రాన పెరట్లో పిడుదులు లేవని తేల్చుకోవద్దు. కొన్ని రోజుల తేడాతో రెండు మూడుసార్లు లాగి చూడండి.

నేలను శుభ్రం చేయండి

పిడుదులు ఎక్కువగా ఉండేది పెరటి నడుమ కాదు, అంచుల్లో. కంచె మొదట్లో, గోడ వారన, పొదల కింద, పక్కనున్న ఖాళీ స్థలం నుంచి గడ్డి లోపలికి వాలేచోట వాటి సంఖ్య హెచ్చు. ముందుగా ఆ అంచుల్లోని పొడవాటి గడ్డిని, ముళ్ల పొదలను కోసేయండి. తర్వాత రాలిన ఆకులను దంతెతో లాగి, అడుగున నల్లబడి తడిగా ఉన్న పొరతో సహా తీసేయండి, ఎందుకంటే పైనున్న గలగలలాడే ఎండుటాకులకంటే ఆ అడుగు పొరే వాటికి అసలైన ఆశ్రయం. తీసిన చెత్తను మరో మూలలో కుప్ప పోస్తే సమస్య ఆ మూలకు మారుతుంది అంతే. దాన్ని మూత ఉన్న కంపోస్టు తొట్టిలో వేయాలి, లేదా పెరటి నుంచి బయటికి పంపాలి.

గడ్డిని మరీ బోడిగా కోయమని నేను చెప్పను. ఆరేడు సెంటీమీటర్ల ఎత్తున ఉంచి తరచుగా కోస్తూ ఉంటే ఎండ నేల దాకా దిగుతుంది, గడ్డి వేళ్లు కూడా మాడిపోవు. నేలకు అంటుకునేలా కోస్తే వేసవి మధ్యకల్లా గడ్డి ఎండి, మట్టి బయటపడి, పెరడంతా వేడి కక్కుతుంది.

ఎలుకల సంగతిని తేలికగా తీసుకోవద్దు. చాలా జాతుల్లో లార్వాలు, నింఫ్‌లు రక్తం కోసం ఎలుకల వంటి చిన్న జంతువుల మీదే ఆధారపడతాయి, జబ్బు క్రిములు వాటికి ఎక్కేది కూడా తరచుగా అక్కడే. కాబట్టి వంటచెరకును, పాత పలకలను నేల మీద గుట్టగా వేయకుండా, ఇటుకల మీద ఎత్తుగా, ఎండ తగిలేచోట వరుసగా పేర్చండి. విరిగిన కుర్చీలు, పాత పరుపులు, వాడని కుండీలు పెరట్లో ఉంచకండి. పక్షులకు గింజలు వేసే అలవాటు ఉంటే ఆ చోటు కూర్చునే చోటికి దూరంగా ఉండాలి, కింద రాలిన గింజలను రోజూ ఊడ్చేయాలి.

అంచున పొడి గట్టు పరవండి

శుభ్రం చేసిన నేలకూ, అవతల ఉన్న పొదలు, తోట, ఖాళీ స్థలం వంటి వాటికీ నడుమ కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పున కంకర గానీ ముతక చెక్క ముక్కలు గానీ పరవండి. ఎండకు కాగే ఆ పొడి పట్టీని దాటడం తేమ కోసం తడుముకునే పిడుదుకు కష్టం. దానివల్ల మరో మేలు కూడా ఉంది: పిల్లలకు, పెద్దలకు హద్దు కళ్లకు కనిపిస్తుంది, పట్టీ దాటి అవతలికి వెళ్లి వస్తే ఒళ్లు చూసుకోవాలన్న అలవాటు ఏర్పడుతుంది. కంకర కింద కలుపు పెరగకుండా నీరు ఇంకే గుడ్డ పరచి, ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన పోయండి. పట్టీ మీద ఆకులు పేరుకుంటే దాని వల్ల ప్రయోజనం ఉండదు గనుక వారానికి ఒకసారి ఊడవక తప్పదు. ఊయల, ఇసుక గుంట, బల్లలు, కుర్చీలు ఈ పట్టీకి వీలైనంత దూరంగా, పెరటి లోపలి వైపు ఉండాలి.

నీడను ఎత్తులో నిలపండి

ఈ వేసవికే నీడ కావాలంటే పందిరి, లేదా షేడ్ నెట్ వేసుకోవాలి. చెట్టు రాబోయే వేసవుల కోసం. రెండూ ఒకేసారి మొదలుపెట్టడం ఉత్తమం, ఎందుకంటే పందిరి పాతబడేనాటికి చెట్టు ఎదిగి వస్తుంది.

షేడ్ నెట్ మీద రాసి ఉండే 50, 75, 90 అనే శాతాలు అది ఎంత వెలుతురును అడ్డుకుంటుందో చెబుతాయి. మొక్కల కోసం 50 శాతం చాలు, మనుషులు కూర్చునే చోటికి 75 నుంచి 90 శాతం నెట్ తగినది. నేల నుంచి కనీసం రెండున్నర మీటర్ల ఎత్తున కట్టండి. తక్కువ ఎత్తున కడితే నెట్‌కు తగిలిన వేడి నేరుగా మన తలకు తగులుతుంది, పైగా గాలి ఆడదు, నేల తడి ఆరదు. ప్లాస్టిక్ రేకు, టార్పాలిన్ వంటివి గాలిని పూర్తిగా ఆపేస్తాయి కాబట్టి వాటి కంటే నెట్‌నే నేను సిఫారసు చేస్తాను. టార్పాలిన్ తప్పనిసరి అయితే ఒక వైపు బాగా పల్లంగా కట్టి, వాన నీరు కూర్చునే చోటికి దూరంగా పడేలా చూడండి. గుంజలను లోతుగా పాతి కాంక్రీటు పోయాలి. నెట్ మూలలను తాళ్లతో బిగుతుగా లాగి కట్టాలి, ఎందుకంటే వదులుగా ఉన్న నెట్ గాలికి కొట్టుకుని అంచుల వద్ద చిరుగుతుంది. గాలివాన సూచన ఉన్న రోజున విప్పుకోవడానికి వీలుగా తాడు ముడులకు బదులు కొక్కేలు వాడండి.

తీగలతో అల్లే పందిరి వీటన్నిటికంటే చల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆకులు ఎండను ఆపడంతో పాటు తమలోని నీటిని ఆవిరిగా వదులుతూ చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తాయి. చెట్ల నీడ పడిన ఉపరితలాలు, ఎండలో కాగే అవే ఉపరితలాల గరిష్ఠ వేడి కంటే 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లగా ఉండవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అయితే తీగ పందిరి మీద ఉండాలి గానీ, గుంజల చుట్టూ నేల దాకా జడలా వేలాడకూడదు. మొదటి మీటరు వరకు ప్రధాన కాండాన్ని మాత్రమే ఉంచి పక్క కొమ్మలు తుంచేయండి. ద్రాక్ష వంటి ఆకురాల్చే తీగ వేస్తే చలికాలంలో ఎండ లోపలికి వస్తుంది, కానీ ఆ రాలిన ఆకులను ఏ రోజుకా రోజు ఎత్తివేసే ఓపిక మీకు ఉండాలి.

చెట్టు విషయంలో చోటు, కత్తిరింపు రెండూ ముఖ్యం. పడమటి ఎండను ఆపేలా నాటితే వేసవి సాయంత్రాల్లో దాని విలువ తెలుస్తుంది. పూర్తిగా ఎదిగాక కొమ్మలు ఎంత వెడల్పుకు విస్తరిస్తాయో అందులో సగానికి తక్కువ కాని దూరం ఇంటి గోడకూ మొదలుకూ మధ్య ఉండాలి. మురుగు పైపులు, విద్యుత్ తీగలు ఎటు వెళుతున్నాయో కూడా చూసుకోవాలి. మండువేసవిలో నాటకుండా వానలు పడే కాలం వరకు ఆగండి. చెట్టు ఎదిగే కొద్దీ కింది కొమ్మలను ఏటా కొన్ని చొప్పున తీస్తూ, చివరకు రెండు మీటర్ల ఎత్తు వరకు మొదలును ఖాళీగా ఉంచండి. ఒకే ఏడాదిలో కొమ్మల్లో నాలుగో వంతు కంటే ఎక్కువ కత్తిరిస్తే చెట్టు నీరసిస్తుంది. ఇలా పెంచిన చెట్టు కింద నీడ ఉంటుంది, గాలి ఉంటుంది, ఉదయం సాయంత్రం ఏటవాలు ఎండ మొదలు దాకా వచ్చి నేలను ఆరబెడుతుంది కూడా. అదే చెట్టును నేలను తాకే గుబురుగా వదిలేస్తే దాని అడుగు పిడుదులకు నివాసమవుతుంది.

నీడ కింద నేల ఎలా ఉండాలన్నది కూడా ఇక్కడే నిర్ణయించుకోండి. కూర్చునే చోట గడ్డి వద్దు. రాతి పలకలు, ఇటుకలు, సన్న కంకర మంచివి. ఎండలో ఉన్న రాయి పగలంతా వేడిని దాచుకుని చీకటి పడ్డాక వదులుతుంది కాబట్టి, పలకలు పరిచిన చోటంతా పందిరి నీడలోకి వచ్చేలా, ముఖ్యంగా పడమటి అంచు తప్పకుండా కప్పబడేలా చూడండి. కుర్చీలు ఇనుపవి కాకుండా చెక్కవి, పేమువి అయితే వేడెక్కవు. నిలువు తెరను గోడలా మూసేయకుండా గాలి వచ్చే దిక్కును వదిలిపెట్టండి.

నీళ్లు పోసే వేళ మార్చుకోండి

సాయంత్రం నేల తడిపితే ఆ తడి తెల్లవార్లూ ఉంటుంది. తెల్లవారుజామున పోస్తే వేళ్లకు నీరు అందుతుంది, పది గంటలకల్లా పైనేల ఆరిపోతుంది. గడ్డి మీద, దారుల మీద చిమ్మే స్ప్రింక్లర్ కంటే మొక్క మొదట్లోనే చుక్కలుగా వదిలే డ్రిప్ పైపు మేలు. మొదళ్లలో తేమ నిలవడానికి చెక్క ముక్కలు వేసేటట్లయితే ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందం చాలు, అదీ కాండానికి తగలకుండా. కారే కుళాయి, నీరు నిలిచే పల్లం ఉంటే సరిచేయండి. దానివల్ల దోమలు కూడా తగ్గుతాయి.

పెంపుడు జంతువులు, మందులు

గోధుమరంగు కుక్క పిడుదు విషయంలో పైన చెప్పిన కంకర పట్టీ, పొడి నేల పెద్దగా ఉపయోగపడవు. అది పొడిని తట్టుకుంటుంది, గోడలెక్కుతుంది, కుక్క పడుకునే చోట గోడ పగుళ్లలో, గడప సందుల్లో నివసిస్తుంది, తన జీవితకాలం మొత్తం ఇంటి లోపలే గడపగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క నుంచి దిగి ఆ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. అందువల్ల ఇక్కడ అసలు చికిత్స కుక్కకే జరగాలి. చుక్కల మందు, మెడపట్టీ, నోటి మాత్ర, వీటిలో ఏది తగినదో పశువైద్యుణ్ణి అడిగి, ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేసారి వాడండి. పక్క గుడ్డలను బాగా వేడి నీళ్లలో ఉతకండి, పగుళ్లను సిమెంటుతో పూడ్చండి, ఆ చోటును తరచుగా వాక్యూమ్ చేయండి. గుడ్లు, నింఫ్‌లు విడతలు విడతలుగా బయటికి వస్తాయి కనుక ఒక్కసారి శుభ్రం చేసి వదిలేస్తే సరిపోదు, కొన్ని వారాలు పట్టు విడవకుండా చేయాలి. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. అది పిల్లుల ప్రాణం తీయగలదు.

పెరటిలో మందు కొట్టడం చివరి మార్గంగానే ఉంచుకోండి. గుడ్డ లాగి చూసినప్పుడు పిడుదులు దొరికిన అంచులకు మాత్రమే, ఆ పనికి అనుమతి ఉన్న మందును, డబ్బా మీద రాసిన మోతాదులోనే వాడాలి. పూసిన మొక్కల మీద పడితే తేనెటీగలకు, నీటి గుంటల్లో కలిస్తే చేపలకు హాని. మందు పూర్తిగా ఆరేవరకు పిల్లలను, జంతువులను అటు వెళ్లనివ్వకూడదు. వాసన మొక్కలు నాటితే పిడుదులు దరిచేరవన్న మాట మీద భరోసా పెట్టుకోవద్దు. కోళ్లు, గిన్నీ కోళ్లు కొన్ని పిడుదులను ఏరుకు తినే మాట నిజమే అయినా, వాటిని నమ్ముకుని నేల శుభ్రం చేయడం మానకూడదు.

రోజూ ఒళ్లు చూసుకోండి, కరిస్తే సరిగ్గా తీయండి

అంచుల్లో పనిచేసినా, ఆడుకున్నా లోపలికి రాగానే బట్టలు మార్చుకుని, రెండు గంటల లోపు స్నానం చేయండి. చల్లని నీళ్లలో ఉతికితే పిడుదులు చావవు. పొడిబట్టలనే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే చస్తాయి. తల వెంట్రుకల్లో, చెవుల వెనక, చంకల్లో, బొడ్డులో, నడుము చుట్టూ, తొడల నడుమ, మోకాళ్ల వెనక చూడండి. పిల్లలకు పెద్దలే చూడాలి. కుక్కకైతే చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల నడుమ, తోక మొదట్లో వెతకండి.

పిడుదు పట్టుకుని ఉంటే సన్నని మొనలున్న పట్టకారుతో, దాని పొట్టను నొక్కకుండా, చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా నిదానంగా నిట్టనిలువుగా పైకి లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వాజలీన్ పూయడం వంటివి చేయకండి. వాటికోసం ఆగిన సమయమంతా అది ఒంటిని పట్టుకునే ఉంటుంది. పిడుదు కాటు వల్ల వచ్చే లైమ్ అనే వ్యాధి క్రిమి ఒంట్లోకి చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది గానీ, కొన్ని ఇతర జబ్బులకు అంత వ్యవధి అక్కరలేదు కనుక చూసిన వెంటనే తీసేయడమే సరైనది. నోటి ముక్క విరిగి చర్మంలో ఉండిపోయి, పట్టకారుకు సులువుగా రాకపోతే గుచ్చి తవ్వకుండా వదిలేయండి. చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. కాటును, చేతులను సబ్బుతో కడగండి. తీసిన పిడుదును గోళ్ల మధ్య చిదమకుండా, పారదర్శకమైన టేపు మడతలో అంటించి, తేదీ, ఒంటిమీద దొరికిన చోటు రాసి ఉంచుకోండి. తర్వాతి కొన్ని వారాల్లో జ్వరం, దద్దుర్లు, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి ఆ టేపును కూడా తీసుకువెళ్లి, పిడుదు కరిచిన సంగతి ముందుగానే చెప్పండి.